ఇంద్రధనుస్సు చొక్కా, ఒక్క పరుగు ఆట

(హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళు కలుసుకునే ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మాట్లాడిన ధోరణిని వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఈ సభలో సాధారణంగా పద్యాల గురించో, పాత కథల గురించో మాట్లాడుకుంటాం. ఈ నెల బేస్‌బాల్ గురించి చెప్పమని నాకు అప్పగించారు. అందులోనూ మన ఊరి జట్టు ఆస్ట్రోస్ గురించి. "మన ఊరి జట్టు" అని ధైర్యంగానే అంటున్నాను. షుగర్‌ల్యాండ్‌లోనూ కేటీలోనూ ఏళ్ళ తరబడి ఇంటి పన్ను కడుతున్నవాళ్ళకి ఆ మాత్రం హక్కు ఉండదా అండీ? (నవ్వులు)

చెప్పాలనుకున్నది ఒక్కటే సంగతి. ఆస్ట్రోస్ వాళ్ళ పాత ఇంద్రధనుస్సు చొక్కా మీరందరూ చూసే ఉంటారు. పొట్ట చుట్టూ పసుపు, నారింజ, ఎరుపు ఛాయల్లో అడ్డ చారలు, ఒక పక్క పెద్ద నక్షత్రం. 1975 నుంచి 1986 దాకా వేసుకున్నారు. ఇక్కడి ఆటల్లో అంత గోల చేసే చొక్కా ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. కానీ ఆ చొక్కాలో వాళ్ళు ఆడిన ఆట మాత్రం మహా పొదుపు. పరుగులు రావు, హోమ్ రన్లు రావు. ఒకటి సున్నా, రెండు ఒకటి, ఇలా నడిచేది. ఆ రంగులకి పేరు తెచ్చింది బంతిని బాదినవాళ్ళు కాదు, బంతి విసిరినవాళ్ళు. జట్టు గొప్పతనమంతా పిచర్లదే. నాకు ఆ చొక్కా మీద ఇష్టం కలగడానికి కారణం ఈ పొంతన లేకపోవడమే.

క్రికెట్ మాత్రమే చూసే బాబాయిలు ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. బౌలర్ లాంటివాడు పిచర్. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి విసురుతాడు. పరిగెత్తుకు రావడం లేదు, బంతి నేలని తాకడం లేదు. కొట్టదగిన బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా స్ట్రైక్. బ్యాటర్‌ని మూడు స్ట్రైకులతో పంపించేస్తే స్ట్రైకౌట్. కొట్టినవాడు నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని గోడ దాటిస్తే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి మూడు ఔట్లు, మొత్తం 27. బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్టు. ఈ 27 ఔట్లు పూర్తయ్యేలోగా ఎదుటివాళ్ళకి ఒక్క హిట్టు కూడా ఇవ్వకపోతే దాన్ని నో-హిట్టర్ అంటారు. మహామహులకి కూడా కెరీర్ మొత్తంలో ఒక్కటి దక్కితే గొప్ప.

ఇప్పుడు చొక్కా దగ్గరికి వద్దాం. జట్టు పుట్టింది 1962లో. అప్పటి పేరు ఆస్ట్రోస్ కాదు, కోల్ట్ 45లు. అది తుపాకీ పేరు. చొక్కా మీద కూడా తుపాకీ బొమ్మే, గొట్టంలోంచి పొగ వస్తున్నట్టు కుట్టారు. అక్కడితో ఆగలేదు. వేరే ఊళ్ళకి ఆటకి వెళ్ళేటప్పుడు ఆటగాళ్ళు కౌబాయ్ వేషంలో ప్రయాణం చేయాలి. టోపీ, బూట్లు, సూటు, అంతా. విమానాశ్రయాల్లో జనం వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు. అంటే వేషం మీద మోజు ఈ జట్టుకి పుట్టుకతోనే ఉందన్నమాట.

1965లో ఆస్ట్రోడోమ్ తెరిచారు. పైకప్పు ఉన్న మొదటి మహా స్టేడియం అది. నాసా కేంద్రం అప్పటికే మన ఊరికి వచ్చేసింది కాబట్టి తుపాకీ పోయి అంతరిక్షం వచ్చింది. జట్టు ఆస్ట్రోస్ అయింది, తోకచుక్కలా దూసుకుపోయే నక్షత్రం చొక్కా ఎక్కింది. మైదానం ఊడ్చేవాళ్ళకి కూడా వ్యోమగామి దుస్తులే! నిజంగానే, ఆ సూట్లు వేసుకుని పని చేసేవాళ్ళు.

ఆ డోమ్ కప్పులో వేల కొద్దీ పారదర్శకమైన పలకలు పెట్టారు, గడ్డికి ఎండ తగలాలని. పగటి ఆటలో ఆ వెలుగు కళ్ళలో పడి పైకి లేచిన బంతి ఎవరికీ కనిపించేది కాదు. సరే అని పలకలకి రంగు వేశారు. ఎండ లేక గడ్డి చచ్చిపోయింది. చచ్చిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టి ఆ ఏడాది నెట్టుకొచ్చారు. 1966లో ప్లాస్టిక్ గడ్డి పరిచారు, ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చిందే. హైదరాబాద్‌లో హాకీ ఆడినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరు "ఆస్ట్రోటర్ఫ్" అని అనే మాట ఇక్కడి నుంచి బయల్దేరింది.

నా కథకి ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ డోమ్ చాలా పెద్దది. లోపల గాలి కదలదు. బయట స్టేడియాల్లో గోడ దాటే బంతి ఇక్కడ ఫీల్డర్ చేతిలో పడేది. 1968 ఏప్రిల్ 15న మెట్స్‌తో జరిగిన ఆట వింటే మీకే అర్థమవుతుంది. ఇరవై మూడు ఇన్నింగ్స్ దాకా ఎవరికీ ఒక్క పరుగు రాలేదు. ఇరవై నాలుగో ఇన్నింగ్స్‌లో మెట్స్ ఫీల్డర్ కాళ్ళ మధ్య నుంచి బంతి పోయింది, ఆస్ట్రోస్ 1-0తో గెలిచారు. ఆరు గంటలకి పైగా ఆడితే ఒక్క పరుగు, అదీ వాళ్ళు జారవిడిస్తే వచ్చింది.

(సభలోంచి ఒకరు: టెస్ట్ మ్యాచ్ నయం! – నవ్వులు)

నయమే మాస్టారూ, టెస్టులో టీ బ్రేక్ అయినా ఉంటుంది.

1975 నాటికి జట్టు పరిస్థితి ఘోరంగా ఉంది. డోమ్ కట్టించిన రాయ్ హాఫ్‌హైన్జ్ అప్పుల్లో మునిగి, జట్టు అప్పులిచ్చిన ఫైనాన్స్ కంపెనీల చేతిలోకి పోయింది. ఆ జనవరిలో డాన్ విల్సన్ అనే పిచర్ తన ఇంటి గరాజ్‌లో కారు పొగతో చనిపోయాడు. రెండు నో-హిట్టర్లు వేసినవాడు, ముప్పై ఏళ్ళు కూడా లేవు. అతని నంబర్ 40ని నల్ల గుండ్రంలో పెట్టి ఆ ఏడాది అందరూ చొక్కాకి కుట్టుకున్నారు. అంటే ఇంద్రధనుస్సు చొక్కా మొదటి ఏడాదే దాని మీద ఒక సంతాప చిహ్నం ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆ రంగుల్లో నల్ల మచ్చ కనబడదు కూడా.

ఆ చొక్కా గీసింది మెకాన్ ఎరిక్సన్ అనే ప్రకటనల సంస్థ. అంటే సబ్బులూ పానీయాలూ అమ్మిపెట్టేవాళ్ళు. ఆట చూడ్డానికి జనం రావడం లేదు, కనీసం చొక్కా చూడ్డానికైనా వస్తారని లెక్క. మిగతా జట్లన్నీ సొంత ఊళ్ళో తెలుపు, బయటి ఊళ్ళో బూడిద రంగో లేత నీలమో వేసుకునే రోజులవి. వీళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఇదే చొక్కా, 1979 దాకా. నంబర్ వీపు మీదే కాదు, ప్యాంటు ముందు భాగం మీద కూడా! సంక్రాంతికి ఇంటింటికీ వచ్చే గంగిరెద్దుని అలంకరించినట్టు అలంకరించి పంపారు. పత్రికలవాళ్ళు, ఎదుటి జట్లు తెగ ఏడిపించారు. రెయిన్‌బో గట్స్ అన్నారు, టెకీలా సన్‌రైజ్ అన్నారు. ఆ ఏడాది జట్టు 64 గెలిచి 97 ఓడింది. అంత రంగు వేసుకుని ఓడితే ఇంకా బాగా కనబడుతుంది కదా.

క్రికెట్‌లో కెర్రీ ప్యాకర్ రంగు బట్టలు తెచ్చింది 1979లో. వెస్టిండీస్ వీరులకి గులాబీ రంగు వేశాడని మన బాబాయిలు ఇప్పటికీ బాధపడతారు. ఆస్ట్రోస్ అంతకన్నా నాలుగేళ్ళు ముందే ఆ అవమానం పడ్డారు.

సరే, ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి. జేమ్స్ రాడ్నీ రిచర్డ్, అందరూ జె.ఆర్. అనేవాళ్ళు. లూజియానావాడు. ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. అంత ఎత్తు మనిషి ఆ చారల చొక్కా వేసుకుని ఎత్తైన మట్టి దిబ్బ మీద నిలబడి చెయ్యి విసిరితే, బ్యాటర్‌కి బంతి పక్కింటి మేడ మీద నుంచి వచ్చినట్టు ఉండేదట. 1971లో తన మొట్టమొదటి ఆటలోనే జెయింట్స్ మీద 15 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అందులో విల్లీ మేస్ ఉన్నాడు, అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. మేస్ అంటే మనకి గవాస్కర్‌లాగా అనుకోండి.

కుదురుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. బంతి ఎటు పోతుందో అతనికే తెలిసేది కాదు. 1978లో 303 స్ట్రైకౌట్లు, 1979లో 313. ఆ 1979 జట్టు లెక్క ఒకటి నాకు ఎప్పుడూ నోట్లో ఆడుతుంటుంది. సీజన్ మొత్తం మీద జట్టంతా కలిసి కొట్టిన హోమ్ రన్లు 49. ఈ రోజుల్లో ఒక్క మనిషి కొట్టేస్తాడు. అయినా 89 ఆటలు గెలిచారు! జట్టులో ఎక్కువ హోమ్ రన్లు కొట్టిన హొసే క్రూజ్‌కి వచ్చినవి తొమ్మిది. దొంగతనంగా బేస్‌లు దాటడం, ఒక పరుగు తెచ్చుకోవడం, దాన్ని రిచర్డ్ చేతిలోనో, జో నీక్రో చేతిలోనో పెట్టి కాపాడమనడం, ఇదే పద్ధతి. నీక్రో ఆ ఏడాది 21 గెలిచాడు. అతను వేసేది నకుల్ బాల్, మెల్లగా వణుకుతూ వచ్చే బంతి. ఒక రోజు రిచర్డ్ ఉరుము, మర్నాడు నీక్రో వణుకు. పాపం బ్యాటర్లు ఏం చేస్తారు?

1980 జులైలో, మేటి ఆటగాళ్ళంతా ఆడే ఆల్ స్టార్ ఆటని మొదలుపెట్టిన పిచర్ రిచర్డే. అప్పటికి 10 గెలుపులు, 4 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వడం లేదు. కానీ కొన్ని వారాలుగా చెయ్యి బరువెక్కుతోందని, వేళ్ళు మొద్దుబారుతున్నాయని చెబుతూనే ఉన్నాడు. ఆటల మధ్యలో దిగిపోతున్నాడు. పత్రికల్లో రాశారు, బద్ధకమని. జట్టులోకి కొత్తగా వచ్చిన పిచర్ నోలన్ రయాన్‌కి పెద్ద జీతం ఇచ్చారని అసూయపడి నాటకమాడుతున్నాడని కూడా అన్నారు. పరీక్షలు చేస్తే చేతికి పోయే రక్తనాళంలో అడ్డు కనబడింది. అయినా ఆపరేషన్ అక్కర్లేదన్నారు. జులై 30న డోమ్‌లోనే కాస్త బంతులు విసురుతూ కుప్పకూలిపోయాడు. స్ట్రోక్. ముప్పై ఏళ్ళ వయసు. మళ్ళీ మేజర్ లీగ్‌లో ఒక్క బంతి వేయలేదు.

తర్వాత వ్యాపారాలు పోయాయి, సంసారం పోయింది. 1990లలో ఇదే హ్యూస్టన్‌లో, 59 హైవే వంతెన కింద కొంతకాలం బతికాడు. మనలో చాలామంది రోజూ ఆఫీసుకి వెళ్ళే 59 అది. ఒక చర్చి సాయంతో మళ్ళీ నిలదొక్కుకుని, తర్వాత తనే ఇళ్ళులేనివాళ్ళ కోసం పనిచేశాడు. 2019లో జట్టు హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు అతన్ని చేర్చుకున్నారు. 2021లో పోయాడు.

ఎవరైనా నొప్పి అంటే ముందు నమ్మాలన్న చిన్న విషయం ఆ రోజుల్లో ఎవరికీ తట్టలేదు. అతను నల్లవాడు కావడం దానికి ఒక కారణం అని ఆ కాలపు ఆటగాళ్ళే కొందరు తర్వాత అన్నారు. కాదనడానికి నాకేమీ కనబడదు.

రయాన్ పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గరికి వెళ్దాం. నోలన్ రయాన్ పెరిగింది ఆల్విన్. ఇక్కడి నుంచి 288 పట్టుకుని కాస్త కిందికి వెళితే వస్తుంది. 1979 చివర్లో ఏడాదికి పది లక్షల డాలర్ల ఒప్పందంతో సొంత ఊరి జట్టుకి వచ్చాడు. అంత జీతం అందుకున్న మొదటి బేస్‌బాల్ ఆటగాడు ఆయనే. 1981 సెప్టెంబర్ 26న డోమ్‌లో డాడ్జర్స్ మీద ఐదో నో-హిట్టర్ వేశాడు. అప్పటిదాకా శాండీ కోఫాక్స్ పేరున ఉన్న నాలుగు నో-హిట్టర్ల రికార్డు అక్కడితో పోయింది. ఏడో ఇన్నింగ్స్‌లో టెరీ పూల్ పరిగెత్తుకుంటూ వెళ్ళి గోడ దగ్గర పట్టిన క్యాచ్ లేకపోతే అది అయ్యేది కాదు. చివరి బ్యాటర్ నేల మీదుగా కొట్టాడు, మూడో బేస్ దగ్గర ఆర్ట్ హో పట్టి విసిరాడు, అయిపోయింది. ఆ చివరి బ్యాటర్ ఎవరో గుర్తుపెట్టుకోండి, డస్టీ బేకర్. మళ్ళీ వస్తాడు.

1985లో నాలుగు వేల స్ట్రైకౌట్ల గీత కూడా ఇక్కడే దాటాడు, మెట్స్ బ్యాటర్ డానీ హీప్‌ని ఔట్ చేసి. ఈ హీప్ ఎవరంటే, అంతకు మూడేళ్ళ ముందు ఆస్ట్రోస్ వాళ్ళు మెట్స్‌కి ఇచ్చేసిన కుర్రాడు. బదులుగా తెచ్చుకున్నది మైక్ స్కాట్‌ని.

స్కాట్ కథ పూర్తిగా వేరు. రిచర్డ్‌కీ రయాన్‌కీ దేవుడిచ్చిన చెయ్యి. స్కాట్‌ది మామూలు చెయ్యి. 1984లో 5 గెలిచి 11 ఓడాడు. ఉద్యోగం పోయే స్థితి. ఆ చలికాలంలో శాన్ డియాగో వెళ్ళి రోజర్ క్రెయిగ్ అనే పెద్దాయన దగ్గర స్ప్లిట్ ఫింగర్ బంతి నేర్చుకున్నాడు. రెండు వేళ్ళని వెడల్పుగా చాచి బంతిని ఇరికించి వేస్తారు. ఫాస్ట్‌బాల్ లాగే వస్తూ బ్యాటర్ దగ్గరికి రాగానే కిందికి జారిపోతుంది. మరుసటి ఏడాది 18 గెలుపులు. 1986లో 306 స్ట్రైకౌట్లు, ఆ ఏటి ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు.

1986 సెప్టెంబర్ 25న, ఆ ఆట గెలిస్తే డివిజన్, అంటే లీగ్‌లో మన గుంపు మొదటి స్థానం, మనదే అన్న రోజున, జెయింట్స్ మీద నో-హిట్టర్ వేశాడు. ఆట గెలిచి డివిజన్ పట్టం కట్టుకున్న క్షణంలోనే నో-హిట్టర్ కూడా పూర్తవడం, దానంత నాటకం ఇంకేముంటుంది? ఆ రోజు జెయింట్స్ మేనేజర్ ఎవరో తెలుసా? రోజర్ క్రెయిగే! నేర్పిన గురువు ఎదుటి డగౌట్‌లో కూర్చుని చూస్తున్నాడు. బంతిని ఇసుక కాగితంతో గీకుతున్నాడని స్కాట్ మీద గట్టి అనుమానాలుండేవి. మెట్స్ వాళ్ళు గీతలు పడిన బంతులు పోగేసి చూపించారు కూడా. లీగ్ ఏమీ తేల్చలేదు. నన్నడిగితే... అభిమానిని అడగకూడని ప్రశ్న అది. (నవ్వులు)

ఇంకో మాట. 1979లో కెన్ ఫోర్ష్, 1981లో రయాన్, 1986లో స్కాట్, ఈ మూడు నో-హిట్టర్లూ ఇంద్రధనుస్సు కాలానివే. మూడింటికీ క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు, ఒక్కడే, ఆలన్ ఆష్‌బీ. అతని పేరు మీద జెర్సీ వేసుకున్నవాళ్ళని నేనైతే ఎప్పుడూ చూడలేదు.

ఆ అక్టోబర్‌లో మెట్స్‌తో లీగ్ సిరీస్. ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్ళు వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు. మొదటి ఆట స్కాట్ 1-0తో గెలిపించాడు, 14 స్ట్రైకౌట్లు. నాలుగోది 3-1. ఏడో ఆట జరిగితే మళ్ళీ స్కాటే, ఆ సంగతి మెట్స్‌కి బాగా తెలుసు. అందుకే ఆరో ఆట గెలవకపోతే తమ పని అయిపోయినట్టేనని వాళ్ళకి టెన్షన్. అక్టోబర్ 15, డోమ్. ఆస్ట్రోస్ తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా 3-0తో ముందున్నారు. మూడూ ఇచ్చేశారు. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో మెట్స్ ఒకటి తీస్తే బిల్లీ హాచర్ ఎడమ పక్క స్తంభానికి తగిలేలా కొట్టి సమం చేశాడు. పదహారులో మెట్స్ మూడు తీశారు. ఆస్ట్రోస్ రెండు తెచ్చారు, ఇంకా ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. కెవిన్ బాస్ స్ట్రైకౌట్. 7-6. సిరీస్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు ఓడిన జట్టు పిచర్‌కి, స్కాట్‌కి ఇచ్చారు.

ఆ కాలంలో పొట్ట నిండా చారలున్న చొక్కా వేసిన ఆఖరి ఆట అదే. 1987కల్లా చారలు భుజాల మీదికి పోయాయి. ఆ చొక్కాలోనే రయాన్ లీగ్‌లో అందరికన్నా తక్కువ పరుగులిచ్చి, అందరికన్నా ఎక్కువ మందిని స్ట్రైకౌట్ చేసి, 8 గెలిచి 16 ఓడాడు. జట్టు పరుగులు తీస్తే కదా.

తర్వాతి చొక్కాల గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. 1994లో నీలం, బంగారు రంగు. అందులో జెఫ్ బ్యాగ్‌వెల్ ఆ ఏడాది .368 సగటుతో ఆడాడు కాబట్టి క్షమించేద్దాం. 2000లో కొత్త స్టేడియానికి వెళ్తూ ఇటుక రంగు ఎంచుకున్నారు, బ్యాంకు ఉద్యోగుల్లా ఉండేవాళ్ళు. 2003లో ఆరుగురు పిచర్లు కలిసి యాంకీ స్టేడియంలో నో-హిట్టర్ వేయడం తప్ప ఆ రంగులో నాకు గుర్తుండేది తక్కువ. 2013లో మళ్ళీ నారింజ వచ్చింది.

2017 గురించి మాట్లాడకుండా దిగిపోతే మీరు ఊరుకోరు. ఆ ఏడాది మన ఆస్ట్రోస్ వాళ్ళే, ఏ బంతి వేయాలో ఎదుటి క్యాచర్ తన పిచర్‌కి చేసే సైగలు కెమెరాతో చూసి, చెత్త డబ్బా కొట్టి బ్యాటర్‌కి చెప్పారు. 2020 జనవరిలో లీగ్ తేల్చింది. 50 లక్షల డాలర్ల జరిమానా, మేనేజర్‌కీ జనరల్ మేనేజర్‌కీ ఏడాది నిషేధం. మోసమే, వేరే పేరు లేదు. ఆ తర్వాత జనం 2019 నాటి ఒక వీడియో తవ్వారు. హోసే అల్టూవే యాంకీస్ మీద గెలుపు హోమ్ రన్ కొట్టి పరిగెత్తుకొస్తూ, చొక్కా చింపొద్దని తోటివాళ్ళకి సైగ చేస్తాడు. లోపల సైగలు అందించే బజర్ ఏదో ఉందన్నారు. అలాంటివి వాడినట్టు ఆధారాలేవీ దొరకలేదని లీగ్ చెప్పింది. చొక్కా చూడండని అరిచిన జట్టు చివరికి చొక్కా లోపల ఏముందో చూపించమనే దాకా వచ్చింది.

ఆ గందరగోళంలో జట్టు పగ్గాలు పట్టుకున్నది డస్టీ బేకర్. 1981లో రయాన్ చేతిలో చివరి ఔట్ అయినాయనే. 2022 వరల్డ్ సిరీస్ నాలుగో ఆట, ఫిలడెల్ఫియాలో. క్రిస్టియన్ హావియర్ ఆరు ఇన్నింగ్స్ వేశాడు, తర్వాత అబ్రేయు, మాంటెరో, ప్రెస్లీ తలొకటి. ఫిల్లీస్‌కి ఒక్క హిట్టూ లేదు. ఈసారి బేకర్ సరైన డగౌట్‌లో ఉన్నాడు.

ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పమ్మా.

(సభలోంచి ఒక అమ్మాయి: నాన్నకి పుట్టినరోజుకి ఆ పాత జెర్సీ కొనాలనుకుంటున్నాను. ఏది కొంటే మంచిది?)

మంచి ప్రశ్న. గుండీలు ఉన్నది కొనకమ్మా, ఆ రోజుల్లో అది తలలోంచి వేసుకునే చొక్కా, మెడ దగ్గర వీ ఆకారం. మొదట్లో వీపు మీద నంబర్ చుట్టూ తెల్లటి గుండ్రం ఉండేది, తర్వాత తీసేశారు. గుండ్రం ఉన్నది దొరికితే వదలకు. రయాన్ 34 ఎక్కడైనా దొరుకుతుంది, స్కాట్ 33, క్రూజ్ 25 కాస్త వెతకాలి. నేనైతే రిచర్డ్ 50 కొంటాను. మీ నాన్నగారు పొడవైన మనిషే కదా, చారలు బాగానే కూర్చుంటాయి.